కన్న బిడ్డ, కొన్న బిడ్డ

పుణె,
14 ఏప్రిల్ 2025

పెద్దమ్మకు సాత్విక నమస్కారం.

ఫోన్ చేస్తే నీ చెవి మిషన్ ఈల వేస్తుంది. నువ్వు "ఏంది? ఏంది?" అంటావు. ఇంతలో పెద్దబాపు ఫోన్ లాక్కుని నాతో క్రికెట్ మొదలుపెడతాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇంగ్లిష్ మీడియంలో చదివినదాన్ని, తప్పులుంటాయి. రిటైరైన తెలుగు టీచరమ్మవు కాబట్టి ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని చదువు.

నన్ను కొన్న తల్లి పోయి జూన్‌కు ఏడాది అవుతుంది. ఇప్పటికీ బజారులో చింతచిగురు కనబడితే అమ్మకు చెప్పాలని ఫోన్ తీస్తాను.

మా హర్షిణికి బడిలో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. వాళ్ల నాన్న వైపు ఏడు తరాల పేర్లు ఉన్నాయి, అన్నీ మగవాళ్లవే. నా వైపు నేను, అమ్మ భవాని, అమ్మమ్మ లచ్చవ్వ. అంతే, ఆ పైన ఖాళీ. "లచ్చవ్వ వాళ్ల అమ్మ ఎవరు?" అని అడిగింది. నాకు తెలియదంటే, "నీ అమ్మ వైపు నీకే తెలియదా?" అంది. ఎనిమిదేళ్ల పిల్ల మాటే, కానీ గుచ్చుకుంది.

ఇక్కడ ఒక లాబ్‌లో డీఎన్ఏ పరీక్ష చేస్తారు. మన ఒంట్లో ఒక చిన్న ముక్క తల్లి దగ్గరి నుంచే వస్తుందట. కొడుకులకూ వస్తుంది కానీ వాళ్లతోనే ఆగిపోతుంది. కూతుళ్లు మాత్రం దాన్ని తమ పిల్లలకు ఇస్తారు. అంటే అమ్మమ్మ వాళ్ల అమ్మ, ఆమె అమ్మ, అట్లా ఎంత దూరం పోయినా అదే ముక్క. పేర్లు పోయినా అది పోదు. నాది ఇచ్చాను. అమ్మ లేదు కాబట్టి నీది కూడా కావాలి. మీరిద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్లు, నీదీ నాదీ ఒకటే రావాలి. అప్పుడు ఇది అమ్మమ్మదే అని గట్టిగా అనుకోవచ్చు. ఇందులో ఒక గొట్టం పెట్టాను. అందులో ఉమ్మి మూత బిగించి పంపు. పాన్ వేసుకున్నాక ఉమ్మకు.

నీ సాత్విక


సిద్దిపేట,
25 ఏప్రిల్ 2025

చి. సాత్వికకు,

మేము ఇక్కడ బాగున్నాము, ఎండకు మాడుతున్నాము. మీ పెద్దబాపు రత్నాకర్ గారు క్షేమం, ఆయన క్రికెట్ కూడా క్షేమం.

ముందు తప్పుల సంగతి. నిన్ను "కన్న" తల్లి అనాలి, "కొన్న" తల్లి కాదు. ఒక్క ఒత్వం ఎక్కువ పడితే తల్లే మారిపోతుంది, చూసుకోవద్దా? మిగిలినవి క్షమించాను.

ఉమ్మడం పెద్ద పని అయింది. నేను గొట్టం పట్టుకుని వంటింట్లో నిలబడితే ఆయన తొంగి చూసి, "ఇన్నేండ్లు నా మీద ఉమ్మలేదు, గిప్పుడు గొట్టంలనా?" అన్నాడు. నవ్వు ఆగేసరికి నోరు ఎండిపోయింది. మొత్తానికి ఇస్తున్నాను.

మా అమ్మమ్మ పేరు రాజవ్వ. హర్షిణితో ఆ పేరు రాయించు. ఆమెను కన్న తల్లి పేరు చెప్పగలిగినవాళ్లెవరూ ఇప్పుడు లేరు.

పిల్లకు ఇంకో ముచ్చట కూడా చెప్పు. నాకంటే ముందు మా అవ్వకు, అంటే మీ అమ్మమ్మకు, పుట్టినవాళ్లెవరూ దక్కలేదు. అందుకని నేను పుట్టగానే నన్ను చాటలో వేసి నారాయణరావుపేటలో మా ఇంటి వెనక పెంట కుప్ప మీద పెట్టారు. వాడకట్టులోని యాదవ్వ వచ్చి, దొరికిన పిల్ల అని ఎత్తుకుంది. మా అవ్వ ఆమెకు తవుడు ఇచ్చి నన్ను కొనుక్కుంది. పెంట మీద దొరికిన పిల్ల మీద చావు కన్ను పడదని అప్పటివాళ్ల నమ్మకం. నేను బతికాను. అందుకే ఇంట్లో నన్ను పిలిచే పేరు పెంటవ్వ. ప్రమీలాదేవి అని బడిలో రాయించింది మా బాపు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి కూడా ఆ మొదటి పేరు ఒక్క పిల్లవాడి చెవిన పడనివ్వలేదు. నువ్వు కూడా పడనివ్వకు.

అవ్వ నలుగురిలో అనేది: "పెద్దది నేను కొన్న బిడ్డ, చిన్నది నేను కన్న బిడ్డ." అందరూ నవ్వేవారు. మీ అమ్మ కూడా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నిజం చెప్పాలంటే చిన్నప్పుడు ఆ మాటకు చాటుకు పోయి ఏడ్చేదాన్ని. అయినా చివరికి ఆమెకు తలాపున కూర్చుని నోట్లో నీళ్లు పోసింది నేనే. కొడుకులు లేరు కాబట్టి ప్రతి ఏడూ పెద్దల అమావాస్యకు, పెత్రమాస నాడు, ఆమె పేరు మీద బియ్యం ఇచ్చేది కూడా నేనే. కొన్న బిడ్డ గిట్టుబాటు అయింది అనుకుంటాను.

హర్షిణికి ముద్దులు.

పెద్దమ్మ
ప్రమీల


పుణె,
19 జూన్ 2025

పెద్దమ్మా,

అమ్మ సంవత్సరీకం అయింది. నువ్వు మోకాళ్ల నొప్పులతో రాలేకపోయావు, అందరూ నిన్ను అడిగారు.

రిపోర్టు అప్పటికే వచ్చింది. నీకు రాయడానికే చెయ్యి రాలేదు. నీ ముక్కా నా ముక్కా కలవలేదు. లాబ్‌లో ఎక్కడో మారిపోయి ఉంటుందని గొడవపడి మళ్లీ చేయించాను. మళ్లీ అదే వచ్చింది. కొంచెం తేడా కాదట, రెండూ వేరే కొమ్మలట. అంటే నువ్వూ అమ్మా ఒకే తల్లికి పుట్టలేదని అర్థం.

అమ్మమ్మ మాట గుర్తొచ్చి నాకు నిద్ర పట్టడం లేదు. పెద్దది కొన్న బిడ్డ. ఆ చాట, ఆ తవుడు ఉత్త నమ్మకం కాదేమో, నిజంగానే ఎవరి దగ్గరో నిన్ను తెచ్చుకుని అందరికీ అట్లా చెప్పారేమో. నీకు ఎప్పుడైనా ఎవరైనా ఏమైనా అన్నారా?

నాకైతే ఏ తేడా లేదు పెద్దమ్మా. నువ్వు ఎవరికి పుట్టినా నాకు ఒకటే. వెంటనే జవాబు రాయి.

సాత్విక


సిద్దిపేట,
30 జూన్ 2025

సౌ. సాత్వికకు,

నీ ఉత్తరం అందింది. ఈసారి తప్పులేమీ లేవు.

ఎవరూ ఏమీ అనలేదు. అన్నది మా అవ్వ ఒక్కతే. ఆమె నవ్వుతూ అంది కాబట్టి నేను నమ్మలేదు.

దీనితో పాటు ఒక పార్సిల్ పంపుతున్నాను. మా అవ్వ కాళ్ల వెండి కడియాలు. ఆమె తల్లి ఆమెకు పెట్టినవి. పెద్ద కూతురినని నా దగ్గర ఉంచుకున్నాను. అవి ఆ కడుపున పుట్టిన వరుసలో ఉండవలసినవి. నీ దగ్గర ఉంచుకుని తరువాత హర్షిణికి ఇవ్వు. వచ్చే పెత్రమాసకు ఆమె పేరు మీద బియ్యం కూడా నువ్వే ఇవ్వు. ఆమె పేరు చెప్పే హక్కు నాకు ఉందో లేదో నాకిప్పుడు తెలియదు.

ప్రమీలాదేవి


పుణె,
11 జులై 2025

పెద్దమ్మా,

కడియాలు వచ్చాయి. విప్పి చూసి ఏడ్చాను. హర్షిణి ఎందుకని అడిగితే చెప్పలేకపోయాను.

నేను అడిగింది ఒకటి, నువ్వు విన్నది ఇంకొకటి. నీ హక్కు తీసుకోవడానికి నేనెవరిని? ఒక్క నెల ఆగు. ఇంకొకటి తెలుసుకోవాలి. అప్పటివరకు ఇవి నీ సొమ్ముగానే నా బీరువాలో ఉంటాయి.

"ప్రమీలాదేవి" అని సంతకం పెట్టావు. "పెద్దమ్మ" అని రాయడానికి అంత కష్టమైందా?

సాత్విక


సిద్దిపేట,
2 ఆగస్టు 2025

సాత్వికా,

ఇంకొకటి తెలుసుకోవాలన్నావు. అదేమిటో ఇప్పుడు తెలిసింది. నిన్న ప్రజ్ఞాపూర్ నుంచి మహేందర్ వచ్చాడు. మా చిన్నవ్వ కొడుకు, నాకు తమ్ముడు, నీకు మామ. హోటల్ మూసుకుని మరీ వచ్చి చాయ తాగుతూ, "అక్కా, సాత్విక నాకు ఓ గొట్టం పంపింది, ఉమ్మి పంపిన. ఏం రోగమో ఏమో అని ఒకటే బుగులైతుంది, నీకేమన్న ఎరుకనా?" అన్నాడు. చాయ కప్పు నా చేతిలోంచి జారింది.

నన్ను అడగకుండా నా తమ్ముడి దగ్గర సాక్ష్యం తీసుకున్నావు. వాడి తల్లీ మా అవ్వా ఒక కడుపున పుట్టినవాళ్లు. వాడిది నీతో కలిస్తే నేను పరాయిదాన్నని తేలిపోతుంది. ఒకసారి తేలింది చాలలేదా? కొట్టివేత మీద ఇంకో గీత గీయాలా?

నేను అరవై ఏడేళ్లదాన్ని. నాకు ఇప్పుడు కొత్త తల్లి అక్కర్లేదు. ఉన్న తల్లిని తీసుకుపోయావు. కోపంతో రాస్తున్నాను. కోపం తగ్గాక రాస్తే అబద్ధం రాస్తానని ఇప్పుడే రాస్తున్నాను.

మీ పెద్దబాపు ఈ ఉత్తరం పోస్టు చేయనన్నాడు. నేనే నడిచి పోయి వేశాను.

ప్రమీల


పుణె,
26 ఆగస్టు 2025

పెద్దమ్మా,

మామ రిపోర్టు వచ్చింది. కూర్చుని చదువు.

మామది నీతో కలిసింది. అచ్చంగా కలిసింది. నువ్వు లచ్చవ్వ కడుపున పుట్టిన బిడ్డవు. ఏ అనుమానమూ లేదు.

కలవనిది నాది. అంటే అమ్మది.

నేను ఒక్కసారైనా ఇటువైపు ఆలోచించలేదు. కలవలేదని తెలియగానే వేలు నీ వైపే చూపించాను. అమ్మమ్మ "కొన్న" అన్నది నిన్ను కదా అని. నీకు ఎవరైనా ఏమైనా అన్నారా అని నిన్ను అడిగాను. అదే మాట నన్ను ఎవరైనా అడిగితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది. అద్దంలో అమ్మ ముక్కు చూసుకుంటున్నాను, ఈ ముక్కు ఎవరిదని అడుగుతున్నాను. రిపోర్టు ఊరు చెప్పదు, కులం చెప్పదు, పేరు చెప్పదు. మా కొమ్మవాళ్లు దక్షిణాదిలో అక్కడక్కడ ఉన్నారంటుంది. అక్కడక్కడ అంటే ఎక్కడికని పోను?

కడియాలు తిప్పి పంపుతున్నాను. నువ్వు చెప్పిన వరుసలో నేను లేను. హర్షిణి గోడ మీద అంటించిన చెట్టు ఇంకా తీయలేదు. రాజవ్వ పేరు చుట్టూ అది పువ్వులు వేసింది.

నిన్ను పెద్దమ్మా అని పిలవవచ్చునా? నిజంగానే అడుగుతున్నాను.

సాత్విక


సిద్దిపేట,
5 సెప్టెంబర్ 2025

నా బంగారు తల్లీ,

పిలవకపోతే పుణె వచ్చి కొడతాను. మోకాళ్ల నొప్పులు ఉన్నా వస్తాను.

నీ ఉత్తరం చదివి మొదట నాకు ప్రాణం లేచి వచ్చింది. దాచుకోను. వంటింట్లోకి పోయి "అవ్వా" అని గట్టిగా పిలిచాను. మీ పెద్దబాపు ఎవరొచ్చారని బయటికి చూశాడు. తరువాత రెండో సగం అర్థమై అక్కడే కింద కూర్చున్నాను. మా చెల్లె. నా చెయ్యి పట్టుకుని బడికి వచ్చిన మా భవాని.

మర్నాడే నారాయణరావుపేట పోయాను. నన్ను పెంట మీంచి ఎత్తుకున్న యాదవ్వ ఉంది ఇంకా. మంచం దిగలేదు కానీ మతి బాగుంది. రిపోర్టు సంగతి చెప్పాను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, తప్పులు దిద్దకుండా.

"నీ కాన్పు చేసింది నేనే. నిన్ను చాటల ఏసింది మీ అవ్వనే. గది ఉత్త ఆట బిడ్డా, నువ్వు బతకాలని ఆడిన ఆట. నువ్వు ఆమె కడుపుల పుట్టినవ్."

"మరి భవాని?" అన్నాను.

"గా యేడు చెరువు కట్టకు మన్ను పోసెటందుకు పాలమూరు నుంచి కూలోళ్లు గుంపుగ వచ్చిన్రు. అండ్ల ఒకామె నెలలు నిండి ఉండె. మొగడు లేడు, అన్నతోని వచ్చింది. బిడ్డ పుట్టినంక నెత్తురు ఆగలే. దవాఖానకు బండి కట్టెలోపట్నే పానం పోయింది. మీ అవ్వకు దానికి ముందుగల్లనే పిల్లగాడు పుట్టి సచ్చిండు. గది నాకు, మీ బాపుకు తప్ప ఎవ్వలకు ఎరుక లేదు. పాలొచ్చి రొమ్ములు గడ్డ కట్టి ఏడుస్తుండె. నేను పసిదాన్ని తీస్కపోయి ఆమె ఒళ్లె వెట్టిన. ఎవ్వల పిల్ల అని అడగలే. కొంగు కప్పుకున్నది. గంతే. నువ్వు గప్పుడు మీ అమ్మమ్మ కాడున్నవ్. నువ్వు వచ్చెవరకు నీకు చెల్లె ఉన్నది."

పాలమూరు అంటే మహబూబ్‌నగర్, వాళ్లు అక్కడి నుంచి వచ్చే కూలీలు. అప్పట్లో చెరువులన్నీ వాళ్లే తవ్వారు. ఆ పిల్ల మేనమామ యాదవ్వ కాళ్లు మొక్కి, మీరే సాదుకోండని చెప్పి గుంపుతో వెళ్లిపోయాడట.

ఆమె పేరు అడిగాను. "పేరు ఎవలడిగిన్రు బిడ్డా? పాలమూరామె అంటుంటిమి" అంది యాదవ్వ. అప్పుడు మాత్రం కళ్లు తుడుచుకుంది.

వచ్చేటప్పుడు ఇంకొకటి చెప్పింది. ఊళ్లో ఎవరైనా ఎప్పుడైనా ఒక మాట అంటారని మా అవ్వకు భయం ఉండేదట. లచ్చవ్వ ఇంట్లో తెచ్చుకున్న పిల్ల ఒకతి ఉందట కదా అని. "అందుకే మీ అవ్వ ముందుగల్లనే నలుగుర్ల అనేది. పెద్దది కొన్న బిడ్డ, చిన్నది కన్న బిడ్డ అని. కొన్న పిల్ల ఎవలంటే నీ దిక్కు జూపెట్టేది. నేను వద్దన్న. 'పెద్దదాని మీద ఏ మాట వడ్డా నిలవదు, అది నా బిడ్డనే. చిన్నదాని మీద వడ్తె నిలుస్తది' అన్నది."

బస్సులో వస్తూ నాకు మా అవ్వ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. జీవితమంతా నన్ను అడ్డం పెట్టుకుంది. చాటుకు పోయి నేను ఏడ్చింది ఆమెకు తెలుసు. నా ఏడుపు చూస్తూ కూడా ఆ మాట మానలేదు. సిద్దిపేట బస్టాండులో దిగేసరికి ఇంకో సంగతి తోచింది. కన్న బిడ్డను కొన్నానంది. కనని బిడ్డను కన్నానంది. ఒక ఒత్వం అటుదిటు మార్చి మా ఇద్దరినీ బతికించుకుంది. సంతకం కూడా రాని మనిషి.

కడియాలు ఇంకా రాలేదు. వస్తే తిప్పి పంపుతాను.

నీ పెద్దమ్మ


పుణె,
13 సెప్టెంబర్ 2025

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. "ఒళ్లె వెట్టిన" అన్నచోట ముందుకు పోలేకపోతున్నాను.

నేను వెతికింది ఆమెనే కదా. నాలో ఉన్న ముక్క ఆమెదే. హర్షిణిలో ఉన్నదీ ఆమెదే. ఆమె తల్లిది, ఆ తల్లి తల్లిది కూడా. దొరికింది, కానీ పేరు లేకుండా దొరికింది. మన్ను మోసి మోసి మీ ఊరి చెరువు కట్ట కింద ఎక్కడో పడుకుని ఉంది. ఒక్కరు కూడా ఆమె పేరు పెట్టి ఏడవలేదు. అమ్మకైతే ఆమె ఉందనే తెలియదు. అమ్మమ్మ, ఆమె ఇద్దరిలో ఎవరి కోసం ఏడవాలో నాకు తెలియడం లేదు. అమ్మమ్మ కోసం ఏడుస్తుంటే ఆమెకు అన్యాయం చేసినట్టు ఉంది. ఆమె కోసం ఏడిస్తే అమ్మమ్మకు ద్రోహం చేసినట్టు ఉంది.

హర్షిణికి చెప్పాను. అది చెట్టు తెచ్చి అమ్మ పేరు పైన రెండో కొమ్మ గీసింది. అక్కడ పేరు ఏం రాయాలి అని అడిగి పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. నువ్వే చెప్పు, ఏం రాయాలి?

పెత్రమాస దగ్గరికి వచ్చింది. బియ్యం నన్ను ఇవ్వమన్నావు. నాకు ఇక్కడ ఆ పద్ధతి తెలియదు, నేను ఇవ్వలేను. నువ్వే ఇవ్వు.

సాత్విక


సిద్దిపేట,
22 సెప్టెంబర్ 2025

చి. సాత్వికకు,

నిన్న పెత్రమాస. సాయంత్రం మా గల్లీ ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మ ఆడారు. నేను గడపలో కూర్చుని చూశాను. పొద్దున చేసిన పని నీకు చెప్పాలి.

ఎప్పుడూ అవ్వ పేరు మీద ఒక్క విస్తరి పెడతాను. నిన్న రెండు పెట్టాను. రెండింట్లోనూ బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క. ఒకదాంట్లో ఎక్కువా, ఒకదాంట్లో తక్కువా పడకుండా మీ పెద్దబాపును పక్కన నిలబెట్టుకున్నాను. ఆయన ఈసారి వేళాకోళం ఆడలేదు.

అయ్యగారు వచ్చి కూర్చున్నాడు. రెండో విస్తరి చూసి, "ఇది ఎవరి పేరు మీద అమ్మా?" అన్నాడు.

"పేరు తెల్వదు" అన్నాను.

"పేరు లేకుంటె ఎట్లమ్మా? వరుస అన్న చెప్పు."

"మా చెల్లెను కన్న తల్లి" అన్నాను.

ఆయన ఆ మాటతోనే నీళ్లు వదిలించాడు. ఆ పాలమూరామెను చనిపోయాక ఒకరు పిలవడం ఇదే మొదటిసారి.

తరువాత అవ్వ విస్తరి ముందుకు జరిపాడు. ఏళ్ల నుంచి వస్తున్నాడు, పేరు తెలుసు ఆయనకు. "లచ్చవ్వ. మీ తల్లి. అంతేనా?" అన్నాడు.

నేను కాదన్నాను. ఆయన నా చెవి సంగతి గుర్తొచ్చి ఇంకొంచెం గట్టిగా అడిగాడు.

"లచ్చవ్వనే. కాని వరుస అట్ల చెప్పకుండ్రి. ఈమె కూడ మా చెల్లెను కన్న తల్లి" అన్నాను.

"ఇద్దరెట్ల కంటరమ్మా ఒక్క బిడ్డను?" అన్నాడు.

"మా ఇంట్ల కన్నరు" అన్నాను. ఆయన ఆ విస్తరికి కూడా అదే మాటతో నీళ్లు వదిలించాడు.

హర్షిణిని రెండు కొమ్మల మీదా అదే రాయమను. భవానిని కన్న తల్లి. ఒత్వం పడకుండా రాయమను. కడియాలు ఇవాళ మళ్లీ పోస్టు చేశాను. ఈసారి తిప్పి పంపితే పోస్టాఫీసు వాళ్లు మనిద్దరికీ పిచ్చి అనుకుంటారు. వాటిలో ఒకటి నీ కాలికి, ఒకటి హర్షిణి పెద్దయ్యాక దాని కాలికి. వరుస నేను తప్పుగా చెప్పాను. అవి ఆ కడుపున పుట్టినవాళ్లవి కావు. ఆ ఒళ్లో పెరిగినవాళ్లవి.

నన్ను కొన్న బిడ్డ అంటే ఇంక ఏడవను. ఎవరైనా అడిగితే నేనే చెబుతాను, నన్ను మా అవ్వ తవుడు పోసి కొనుక్కుందని.

నీ పెద్దమ్మ
పెంటవ్వ